అంబాజీపేట దగ్గర పొట్టిక్కల హోటల్: రుచికి ఐదు, బల్లకి ఐదు, ఆడవాళ్ళ చోటుకి రెండు

ముందే చెప్పేస్తున్నా, హోటల్ పేరు, ఊరి పేరు రాయడం లేదు. బాబాయ్ వద్దన్నారు. (హోటల్ నడిపే ఆయన్ని ఊరంతా బాబాయ్ అనే పిలుస్తుంది, నేనూ అంతే.) "వీడియోలు తీసేవాళ్ళొచ్చి పదేసి ప్లేట్లు పట్టుకుపోతే పనికెళ్ళేవాళ్ళకి ఏం పెట్టనమ్మా, రుబ్బే పిండే అంత" అన్నారు, ఆ మాటకి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కోనసీమలోని అంబాజీపేట నుంచి బండి మీద పది నిమిషాలు కూడా పట్టదు, కాలవ గట్టు పక్కన పెంకుటిల్లు, దాని ముందు రేకుల పందిరి, పందిరి కింద రెండు పొడుగాటి బల్లలు. ఇంతవరకే చెప్తా.

అయినా రివ్యూ ఎందుకంటే, నేను హైదరాబాద్ వదిలేసి మా మామ్మ ఇంటికి వచ్చి ఇక్కడి నుంచే పని చేసుకుంటున్నానని తెలిశాక ఫ్రెండ్స్, వాళ్ళ ఫ్రెండ్స్ అందరూ ఒకటే ఫోన్లు. నెట్ వస్తోందా, కరెంటు ఎన్ని గంటలు పోతుంది, హాస్పిటల్ ఎంత దూరం, బోర్ కొట్టట్లేదా. అవన్నీ అడగాల్సినవే. నేనైతే వాటితో పాటు ఇంకోటి కూడా చూసుకోమంటాను. పొద్దున్నే ఊళ్ళో జనం కలిసి కూర్చునే చోటు ఒకటుందా, ఉంటే అక్కడ ఎవరెవరు కూర్చుంటున్నారు? ఊళ్ళో మనసుకి హాయిగా ఉంటుంది, మనుషులు దొరుకుతారు అని అందరూ అంటారు గానీ ఆ దొరకడం ఎక్కడ జరుగుతుందో చెప్పరు. నాకు ఇక్కడ జరిగింది, ఈ హోటల్ బల్ల మీద. అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు తిండి సంగతి. పొట్టిక్క అంటే తెలియనివాళ్ళకి: ఇడ్లీ పిండినే పనసాకు బుట్టలో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. మినప్పప్పు, బియ్యం రవ్వ, ఉప్పు, అంతే. అంబాజీపేట వీటికి పేరుమోసిన ఊరు, చుట్టుపక్కల చాలా చోట్ల దొరుకుతాయి. ఇక్కడివి ఎందుకు వేరుగా ఉంటాయంటే పిండి ముందురోజు సాయంత్రం రుబ్బి రాత్రంతా పులవనిస్తారు, తొందరకి సోడా కలపరు. పొయ్యిలోకి కొబ్బరి డొక్కలు, మట్టలే. తెల్లవారకముందే మూత తీసినప్పుడు ఆవిరితో పాటు ఉడికిన పనసాకు వాసన గట్టు మీదికి వచ్చేస్తుంది. వేడి వేడి బుట్ట చేతికిచ్చాక పుల్ల లాగి ఆకు వలవాలి, ఒక్కో ఆకూ నెమ్మదిగా విడివడుతుంది, లోపల పొట్టిక్క మీద ఆకు ఈనెలన్నీ సన్నటి గీతలుగా అచ్చుపడి ఉంటాయి. ఆకు తగిలిన పైపొరకి లేత గోధుమ రంగు, కాస్త పసరు రుచి, లోపల మాత్రం తెల్లగా మెత్తగా. కొబ్బరి పచ్చడి మాత్రం పొద్దున్నే కొట్టిన కాయదే (కోనసీమలో కొబ్బరికి లోటేమిటి), అల్లం పచ్చడిలో బెల్లం కాస్త ఎక్కువ, నాకది ఇష్టం, మా అన్నయ్యకి నచ్చదు. బొంబాయి చట్నీ ఆదివారాలే చేస్తారు, ఆరోజు పూరీలు కూడా ఉంటాయి కాబట్టి. కారప్పొడి అడిగితే వేస్తారు, నెయ్యి అడిగితే "ఇంటికెళ్ళి వేసుకోమ్మా" అంటారు. పెసరట్టు ఉంది గానీ మామూలే, దాని కోసం ఇంత దూరం రానక్కర్లేదు. టీ బాగుంటుంది. హైదరాబాద్‌లో నేను ఒక్క కాఫీకి పెట్టే డబ్బుతో ఇక్కడ ఇద్దరం కడుపునిండా తిని టీ తాగి లేవచ్చు.

ఇప్పుడు ఆ బుట్టల సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ హోటల్ అసలు అర్థమైంది పొట్టిక్క తిన్నప్పుడు కాదు, బుట్టలు కుట్టేది చూశాక. సాయంత్రం నాలుగింటికి మా వీధి అరుగుల మీద ఐదారుగురు ముసలమ్మలు చేరతారు. పనసాకులు బాబాయ్ మనిషి తెచ్చి పోస్తాడు. నాలుగాకుల్ని కూడలిలా పరిచి మధ్యలో ఈనెపుల్లతో కుట్టి, పక్కలు పైకి లేపి మళ్ళీ పుల్లలు గుచ్చితే బుట్ట నిలబడుతుంది. ఆకు మరీ లేతదైతే ఆవిరికి మెత్తబడిపోతుంది, మరీ ముదురుదైతే మడిచేటప్పుడే చిరుగుతుంది, ఆ మధ్యరకం ఆకుని వాళ్ళు చూడకుండానే వేళ్ళతో తడిమి ఏరేస్తారు. బుట్టకింతని లెక్క, వారానికోసారి డబ్బులు. ఆ డబ్బులు పెద్ద మొత్తమేం కాదు, మందుబిళ్ళలకీ, మనవల చేతిలో పెట్టడానికీ సరిపోతాయి. ఆ ఐదారుగురిలో ఇద్దరి కూతుళ్ళు కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తున్నారు, పిల్లల్ని ఈ ముసలమ్మలే పెంచుతున్నారు. (కోనసీమ నుంచి ఆడవాళ్ళు గల్ఫ్ వెళ్ళడం ఇప్పటి సంగతి కాదు, తరాలుగా ఉంది.) ఆ వేళకే కూతుళ్ళ వీడియో కాల్స్ వస్తాయి, ఫోన్ అరుగు స్తంభానికి ఆనించి పెట్టి, చేతులు కుడుతూనే ఉంటాయి, కూతురు ఒకటి అడిగితే పక్కనున్న నలుగురూ జవాబు చెప్తారు. పిల్లాడికి జ్వరం తగ్గిందా అని అక్కడి నుంచి తల్లి అడిగితే పక్కింటావిడ "నిన్న నేనే తీసుకెళ్ళానే, ఏం కంగారు పడకు" అంటుంది. ఈ కబుర్లకి ఒక చోటు, ఒక వేళ, చేతికి ఒక పని దొరికాయంటే అది పొద్దున్న బాబాయ్ అమ్మే పొట్టిక్కల వల్లే. బజార్లో మెషిన్ మీద అచ్చుపోసిన విస్తరాకు గిన్నెలు దొరుకుతాయి, వాటికి మారితే ఆయనకి ఖర్చు, తలనొప్పి రెండూ తగ్గుతాయి. మారలేదు. అడిగితే "పనసాకు లేకపోతే అది ఇడ్లీయేగా" అని రుచి వైపు నుంచే చెప్తారు, ముసలమ్మల ఊసెత్తరు. నాకైతే రెండూ ఉన్నాయనిపిస్తుంది.

పొద్దున ఐదున్నర నుంచి ఏడు మధ్య బల్లల దగ్గర అసలు సందడి. మొదట వచ్చేది దింపువాళ్ళు, కొబ్బరిచెట్లెక్కేవాళ్ళు, ఎండెక్కకముందే పని మొదలెట్టాలి కాబట్టి. తర్వాత ఒలుపువాళ్ళు, ఆటోలవాళ్ళు, పాల కేంద్రంలో పాలు పోసి ఖాళీ క్యాన్లతో వచ్చేవాళ్ళు, చివరికి పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ళు, పేపర్ కోసం. పేపర్ ఒకటే వస్తుంది, పేజీలు విడదీసి నలుగురు చదువుతారు, ఒకరు పైకి చదువుతారు. కాయ ధర ఎంత పలికింది, కాలవలకి నీళ్ళు ఎప్పుడు కట్టేస్తారు, దాళ్వాకి (రెండో పంటకి) నీళ్ళొస్తాయా రావా, ఎవరింట్లో పెళ్ళి, ఎవరి అబ్బాయికి వీసా వచ్చింది. తీపి కబుర్లే ఉంటాయనుకోకండి. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా (ఖరీఫ్ వరి) వెయ్యకుండా పొలాలు వదిలేసిన సంగతి ఇప్పటికీ ఈ బల్ల మీద వారానికోసారైనా వస్తుంది, పెట్టుబడి పెరిగి, కూలీలు దొరక్క, మురుగుకాలవలు పూడిపోయి, అమ్మితే గిట్టుబాటు కాక విసిగిపోయి చేసిన పని అది, అప్పటి నుంచి ఏం మారిందని గొంతు పెంచి మాట్లాడతారు. ఊళ్ళో బతుకు హాయి అని నేను రాస్తున్నానంటే ఊళ్ళో డబ్బులున్నాయని కాదు. నా జీతం హైదరాబాద్ కంపెనీ ఇస్తోంది, పొలం మీద బతికేవాళ్ళ టెన్షన్ నాకు లేదు. ఊరెళ్ళిపోదామనుకునేవాళ్ళు ఈ తేడా మర్చిపోకూడదు.

ఈ హోటల్లో నేను చూసిన గొప్ప సంగతి ఏమిటంటే ఎవరు ఎప్పుడు వస్తారో బాబాయ్‌కి నోటికొచ్చు. ఖాతా పుస్తకం ఉంది, గోడకి ఫోన్‌పే బొమ్మ కూడా ఉంది, అవి డబ్బు లెక్కకి. మనుషుల లెక్క ఆయన బుర్రలో ఉంటుంది. మా వీధి చివర రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు, భార్య పోయారు, కొడుకు అమెరికాలో. రోజూ ఆరుంపావుకి వచ్చి రెండు పొట్టిక్కలు, సగం టీ. ఒకరోజు ఆరున్నర దాటినా రాలేదు. బాబాయ్ ఎవరితోనూ ఏం అనలేదు, గరిటె పిన్నిగారి చేతికిచ్చి ప్లేట్లు తీసే కుర్రాడితో "ఒరే, మాస్టారి గుమ్మం దాకా వెళ్ళిరా" అన్నారు. వాడు వెళ్తే తలుపు తియ్యలేదు, కిటికీలోంచి చూస్తే మంచం మీద వణుకుతూ ఉన్నారు, ఒళ్ళు కాలిపోతోంది. పది నిమిషాల్లో బల్ల మీదున్న ఆటో అబ్బాయి టీ వదిలేసి లేచాడు, ఇంకొకరు తోడు ఎక్కారు, అమలాపురం తీసుకెళ్ళారు. నాలుగు రోజులకి మాస్టారు మళ్ళీ బల్ల మీదున్నారు. కొడుక్కి ఆ రాత్రి ఫోన్ చేసింది కూడా ఆటో అబ్బాయే.

నేను హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక ఫ్లాట్‌లో ఉండేదాన్ని. మా ఫ్లోర్‌లోనే ఎదురింటాయన పేరు నాకు తెలిసింది, ఆయన గుమ్మం ముందు పెట్టిన డెలివరీ కవర్ మీద చూసి. అక్కడి మనుషులు చెడ్డవాళ్ళని కాదు, ఎవరికీ ఎవరి వేళలూ తెలిసే వీల్లేదు. 2025 జూన్ ఆఖర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నివేదిక ఇచ్చింది, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో ఉన్నారని, దానివల్ల ఏడాదికి 8,71,000 మంది చనిపోతున్నారని అంచనా వేసింది. అది చదివినప్పుడు నాకు మాస్టారే గుర్తొచ్చారు. ఆయనా ఒంటరివాడే, పల్లెల్లో ఒంటరి పెద్దవాళ్ళు లేరనుకోవడం పొరపాటు, పిల్లలందరూ వెళ్ళిపోయిన ఇళ్ళు మా వీధిలోనే ఎన్నో. కానీ ఆయనకి రోజూ వెళ్ళాల్సిన బల్ల ఒకటుంది, ఆయన రాకపోతే అక్కడ ఆ ఖాళీ కనపడుతుంది.

ఇక బల్లకి ఐదు ఎందుకిచ్చానో చెప్పాలి. ఊళ్ళో కలిసి బతకడం గురించి మాట్లాడుతూ కులం గురించి మాట్లాడకపోతే అది అబద్ధం. మా జిల్లాకి ఎవరి పేరైతే ఉందో ఆ అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో గ్రామాల గురించి ఏమన్నారో చదవండి: ఊరంటే ఇరుకు బుద్ధులకీ, అజ్ఞానానికీ, మతతత్వానికీ గూడు తప్ప ఇంకేమిటి అని అడిగారు, రాజ్యాంగం గ్రామాన్ని కాకుండా వ్యక్తిని ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషం అన్నారు. ఆ మాటకి డెబ్భై ఏళ్ళు దాటాక, 2022 మే 24న, జిల్లాకి ఆయన పేరు పెట్టొద్దని జరిగిన గొడవలో అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. మాకు కూతవేటు దూరంలో. కాబట్టి పల్లె అంటే ప్రేమలూ ఆప్యాయతలూ అని రాసేవాళ్ళని నేను ఒక్కటే అడుగుతాను, మీ ఊరి హోటల్లో పేటవాళ్ళు (దళితవాడ వాళ్ళు) ఎక్కడ కూర్చుంటారు?

ఈ హోటల్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. గ్లాసులన్నీ ఒక్కటే, కడిగేది ఒక్క తొట్టిలోనే, మాస్టారి పక్కన దింపు ఆయన, ఆయన పక్కన నేను. దింపు పెద్దాయన ఒకరు చెప్పారు, ఆయన చిన్నప్పుడు ఈ పందిరి దగ్గరికి వస్తే వాళ్ళ నాన్న చేతిలో కొబ్బరిచిప్ప ఉండేదట, టీ పైనుంచి అందులో పోసేవారట, గట్టు మీద గొంతుక్కూర్చుని తాగేవారట. అప్పుడు హోటల్ నడిపింది బాబాయ్ వాళ్ళ తాత. అదెప్పుడు మారిందంటే ఊళ్ళో రెండు కథలున్నాయి. బాబాయ్ చెప్పేది తుఫాను కథ. 1996 నవంబర్ 6 రాత్రి తుఫానుకి కొబ్బరితోటలు నేలకొరిగాయి, పందిరి ఎగిరిపోయింది, ఊరంతా తలా గుప్పెడు బియ్యం తెచ్చి గట్టు మీద వండుకుని వరసలో కూర్చుని తిన్నారు, ఆ తర్వాత మళ్ళీ వేరు గ్లాసు పెట్టడానికి వాళ్ళ నాన్నకి మనసొప్పలేదు. దింపు పెద్దాయన మాత్రం తల అడ్డంగా ఊపుతారు. "తుఫానుకి ముందే అయిపోయిందండి అది. మా పేట కుర్రోళ్ళు వచ్చి బల్ల మీద కూర్చున్నారు, లేవమంటే లేవలేదు, వారం రోజులు హోటల్ మూసేశారు, మళ్ళీ తెరిచాక అందరం బల్ల మీదేనండి." 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితుల్ని ఊచకోత కోశాక కోస్తా అంతా దళిత యువకులు గట్టిగా నిలబడ్డ రోజులవి. నేను రెండో కథనే నమ్ముతాను. తుఫాను నిజమే, కలిసి తిన్నదీ నిజమే అయ్యుండొచ్చు, కానీ కూర్చునే హక్కు ఎవరో జాలిపడి ఇస్తే వచ్చింది కాదు. ఇద్దరూ ఆ బల్ల మీదే కూర్చుని ఒకరి ఎదుట ఒకరు ఈ కథలు చెప్తారు, బాబాయ్ కాదనరు, పెద్దాయన తగ్గరు, టీలు మాత్రం వస్తూనే ఉంటాయి. ఒక ఊరికి ఇంతకంటే పెద్ద ఆరోగ్యం ఏముంటుందో నాకు తెలియదు.

ఆడవాళ్ళ చోటుకి రెండే. నేను మొదట్లో వెళ్ళి బల్ల మీద కూర్చుంటే మాటలు ఆగిపోయేవి, అందరూ పేపర్‌లోకి చూసేవారు. "ఫలానా మామ్మగారి మనవరాలు" అని తెలిశాక "రండమ్మా, ఇటు కూర్చోండి" అనడం మొదలైంది, ఇప్పుడు అసలు పట్టించుకోరు, అదే నాకు కావాల్సింది. కానీ ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు ఇప్పటికీ పార్సిల్ కట్టించుకుని వెళ్ళిపోతారు, పొలానికీ, డ్వాక్రా మీటింగ్‌కీ, స్కూల్లో వంటకీ వెళ్ళేవాళ్ళకి ఆకలెయ్యదా? బుట్టలు కుట్టే ముసలమ్మల్లో ఒక్కరు కూడా ఆ పొట్టిక్కని పందిరి కింద కూర్చుని వేడిగా తినలేదంటే నాకు బాధగా ఉంది. పిన్నిగారితో ఈ మాటంటే లోపల గ్రైండర్ పక్కన చిన్న బెంచీ వేయించారు. మంచి మనసుతోనే వేయించారు, ఒకరిద్దరు కూర్చుంటున్నారు కూడా. కానీ లోపల బెంచీ వేరు, బయట బల్ల వేరు. కొబ్బరిచిప్ప కథ విన్నాక ఈ వేరు గురించి ఊరుకోవడం నావల్ల కాలేదు, బాబాయ్‌కి అదే చెప్పాను. "నిజమేనమ్మా, మెల్లిగా" అన్నారు. మెల్లిగా అంటే ఎప్పుడు బాబాయ్? బాత్రూమ్ కూడా లేదు, మగవాళ్ళకి గట్టు ఉంది, ఆడవాళ్ళకి ఏదీ లేదు. ఇది కట్టించే వరకు నా రెండు రెండే.

ఇంకా కొన్ని చెప్పాలి. ఇక్కడ ప్రైవసీ ఉండదు. జీతమెంత, పెళ్ళెప్పుడు, మొన్న మీ ఇంటికొచ్చిన కారెవరిది, అన్నీ అడుగుతారు. మాస్టారు రాలేదని గమనించే కళ్ళే మీ ఇంటికి ఎవరొచ్చారో కూడా గమనిస్తాయి. మా ఆఫీసులో ఒకమ్మాయి వేరే కులం అబ్బాయిని పెళ్ళి చేసుకుంది, తను సొంత ఊరికి వెళ్ళి ఉండలేదు, తనకి సిటీయే ఊపిరి, తనని పల్లెకి రమ్మని నేనెప్పుడూ అనను. నాకు ఈ అడగడం మొదట్లో చిరాకుగా ఉండేది, ఇప్పుడు చెప్పాల్సింది చెప్తున్నా, చెప్పకూడనిదానికి "అదొద్దులెండి" అంటున్నా, ఊరుకుంటున్నారు. నిద్ర పడుతోంది. హైదరాబాద్‌లో పొద్దున్నే లేచి చేసే మొదటి పని ఫోన్ చూడటం, ఇక్కడ చెప్పులేసుకుని గట్టు మీదికి నడవడం, వెళ్ళకపోతే పది గంటలకల్లా "ఒంట్లో బాగోలేదా" అని ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడతారు. ఆఫీసు పని ఎంత ఒత్తిడిగా ఉన్నా ఆ గంట ముందే మనుషుల్లో గడిచిపోయి ఉంటుంది కాబట్టి రోజు తేలిగ్గా మొదలవుతోంది. ఇది అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పను, నాకు ఉంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి. ఆరింటికల్లా వెళ్ళండి, ఎనిమిది దాటితే పొట్టిక్కలు అయిపోతాయి, పెసరట్టే మిగులుతుంది. పార్సిల్ అయితే స్టీలు డబ్బా తీసుకెళ్ళండి, వేడి చట్నీ ప్లాస్టిక్ కవర్లో కట్టిస్తున్నారు, అది నాకు నచ్చలేదు, క్యారియర్ తెచ్చినవాళ్ళకి ఒక గరిటె ఎక్కువ వేస్తున్నారు కూడా. వేసవిలో ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఆపి కాలవలు కట్టేసినప్పుడు గట్టు దగ్గర వాసనొస్తుంది, దోమలుంటాయి, ఆ నెలల్లో గట్టుకి దూరంగా ఉన్న వైపు కూర్చోండి. సంక్రాంతికి మాత్రం రావద్దు, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం పోటెత్తుతారు, ఆ మూడు రోజులు బయట ఊళ్ళ నుంచి వచ్చిన మా వాళ్ళకే పిండి చాలదు. ఫోటో తియ్యాలంటే బల్ల మీదవాళ్ళని అడిగి తియ్యండి. ఆడవాళ్ళు వస్తే దయచేసి లోపల బెంచీ మీద కాకుండా బయట బల్ల మీద కూర్చోండి, నేను ఉంటే పక్కకి జరుగుతాను.